ఎరుకలేకుంటే యాభై

జుమ్మేరాత్ బజార్‌లో
తుప్పు తాళాల గుట్టకీ
అద్దాల్లేని కళ్లద్దాల వరసకీ మధ్య దొరికింది.
ఇత్తడిది. గుప్పెడంత.
పక్కన పిడి, లోపల పళ్లచక్రం,
నెత్తిన పావలా అంత గిన్నె.
తిప్పితే కిర్రుమంటుంది.
పదకొండో తిప్పుకి మాత్రం
ఒక్కసారి, సన్నగా, గంట.

"ఏమిటిది?" అన్నాను.
ఖుద్దూస్ భాయ్ పాన్ ఆ బుగ్గకి మార్చుకుని
"ఏందో ఎరుకైతే రెండొందలు సాబ్,
ఎరుకలేకుంటే యాభై."
యాభై ఇచ్చాను.

ఇంటికొచ్చాక దానికి చుట్టాలెక్కువయ్యారు.
కింది వాటా హోమియో డాక్టరు పరబ్రహ్మం గారు
మాత్రలు లెక్కపెట్టేదన్నారు.
సర్వే ఆఫీసులో రిటైరైన తుల్జారాం
భూమి కొలిచే గొలుసు తాలూకు తోక అన్నాడు.
ఇస్త్రీ బండి పోచవ్వ అటూ ఇటూ తిరగేసి
"బేగములకు నిద్రబట్టకుంటే తిప్పుకునేటిదేమో బిడ్డా" అని
గంట మోగేదాకా కదల్లేదు,
బండి మీద ఎవరిదో చొక్కా మాడుతున్నా.

వసుమతి మాత్రం ఏమీ అనలేదు.
వారం వారం చింతపండుతో తోముతుంది.
కరెంటు పోయిన ఒక రాత్రి
వంటింట్లోంచి కిర్రు, కిర్రు.
లెక్కపెట్టాను.
తొమ్మిది దగ్గర ఆపేసి వచ్చి పడుకుంది.
తెల్లారేదాకా నాకు నిద్ర లేదు.

పోయిన మంగళవారం పిడి వదులైంది.
బేగంపేటలో గడియారాలు బాగుచేసే అతనికి చూపిద్దామని
ఎంఎంటీఎస్ ఎక్కాను.
ఎదురు సీట్లో ముసలాయన, జేబుకి మూడు పెన్నులు,
చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.
"అరె! మా నాయన తాన ఉండె గదా ఇది!
దీన్నేమంటరంటే..."

పేరు ఆయన నాలుక చివరికొచ్చేసింది.
నేను లేచాను.
బేగంపేట పోవాల్సినవాణ్ణి
లక్డీకాపూల్‌లోనే దిగేశాను.

దిగాక నవ్వొచ్చింది.
కట్టె వంతెన ఏదిక్కడ?
మా తాతకే తెలీదు ఎప్పుడు పోయిందో.
అయినా రోజూ ఇన్ని వేలమంది
ఆ వంతెన దగ్గరే ఎక్కుతారు, దిగుతారు,
ఒక్కరూ నీళ్లలో పడరు.

రైలు కదిలింది.
కిటికీ ఊచల్లోంచి ముసలాయన
చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు,
రెండక్షరాలో, మూడక్షరాలో.

సంచీలో చెయ్యి పెట్టి
వదులు పిడిని గట్టిగా పట్టుకుని
గబగబా తిప్పాను,
గంట మోగేదాకా.