బల్లిపాటు

మీసా ఊళ్ళో జులై.
రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు.
అరిజోనాలో ఆ కార్తె వెళ్ళిపోదు.
మే నెలలో వచ్చి, చెప్పులు విప్పి,
అక్టోబరు దాకా వసారాలోనే కూర్చుంటుంది.

శనివారం మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది.
పూర్తిగా ఆగిందనీ చెప్పలేను.
లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంది,
ఉడుకు గాలిని ఈ గదినించి ఆ గదికి మోస్తూ,
పని లేని గుమస్తా కాగితాలు సర్దినట్టు.
బయటి పెట్టెది మాత్రం మౌనవ్రతం.
గోడ మీద అంకె ఎనభై ఎనిమిది.
చూస్తుండగానే తొమ్మిది.

కంపెనీకి ఫోన్ చేస్తే
ఒకమ్మాయి చల్లటి గొంతుతో
"వచ్చే గురువారం" అంది.
ఆమె వెనక ఏసీ చప్పుడు నాకు వినిపించింది,
ఒట్టు.

పక్కింటి రూబెన్ ఎస్కలాంటే
రాగి గనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి.
ప్రహరీ మీంచి తల పెట్టి అన్నాడు:
"ముందు కరెంటు తీసెయ్.
తీశాక కూడా నమ్మకు.
కెపాసిటర్ది పాము పగ."

విప్పిన మరలు అరచేతిలో ఆనలేదు, అంత కాలాయి.
లోపలికి పరిగెత్తి ఇడ్లీ ప్లేటు తెచ్చి
గుంటకొకటి వేశాను.
రేకు తీస్తే,
రెండు రాగి బిళ్ళల నడుమ
ఒక బల్లి.
ఎండిపోయి, బస్సు టికెట్టంత పల్చగా,
తోక ఇంకా వంపు తిరిగే ఉంది.
నీడ కోసం దూరి ఉంటుంది.

మా పెద్దమ్మ రాజ్యరత్నానికి
పంచాంగం చివరి పేజీ కంఠతా.
తల మీద పడితే ఒక ఫలం, ఎడమ భుజానికి ఇంకొకటి,
ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు.
కాంటాక్టర్ మీద పడితే ఏమిటో
ఆ పట్టికలో లేదు.

ఐసు పుల్లతో దాన్ని తీసి
రూబెన్ శిలువ గుర్తు వేసుకున్నాడు, నవ్వుతూనే.
అయిపోయిందా అన్నాను.
మూతి విరిచి, పెట్టె చుట్టూ ఉన్న సన్న రేకుల్ని చూపించాడు.
"గొట్టంతో గట్టిగా కొట్టకు, వంగిపోతాయి.
పసిబిడ్డకి తలకి పోసినట్టు పొయ్యి."
పోశాను. కారింది:
మొన్నటి దుమ్ము తుఫాను, మెస్కీట్ ఆకులు,
గుప్పెళ్ళకొద్దీ కుక్క బొచ్చు.
నాకు కుక్క లేదు.

ఫిల్టరు ఉండే అలమర తెరిస్తే
తలుపు లోపలి వైపు పెన్సిలుతో తేదీలు.
తొంభై ఎనిమిది నించీ నెలకొకటి,
ఒకే చేతిరాత, పాల లెక్కలా.
అక్కడక్కడా ఒక ముక్క:
"ఇవాళ నూట పద్దెనిమిది."
"బిస్కట్‌కి స్నానం."
ఆ తర్వాత ఒక వేసవంతా ఖాళీ.
ఆ తర్వాత చెయ్యి మారింది,
అక్షరాలు పెద్దవై, కిందికి జారుతూ:
"నేనే మార్చాను. బాణం ఎటు ఉండాలో తెలీలేదు."

దాని కింద మూడేళ్ళు తెల్లగా ఉన్నాయి.
అవి నావి.

ఫిల్టరు లాగితే బొంతలా వచ్చింది, బూడిద రాలుస్తూ.
బాణం తిరగేసి ఉంది.
ఇన్నాళ్ళూ.

కొత్తది సరిగ్గా పెట్టి,
పాచి పట్టిన గొట్టంలో అర గ్లాసు వెనిగర్ పోసి,
స్విచ్చి వేశాం.
టక్కుమంది. గొణిగింది.
తర్వాత ఆ లావుపాటి గొంతు విప్పింది.
గంటకి, ఇంటి వెనక పైపు చివర
ఎడారి గాలిని పిండితే వచ్చిన మొదటి బొట్టు.
ఒక పూరేడు పిట్ట, వెనక ఏడు పిల్లలు,
రోజూ వచ్చే చోటికి వచ్చినట్టే వచ్చాయి.
ఈ నీళ్ళ సంగతి నాకే తెలీదు, వాటికి తెలుసు.

తలుపు మీద తేదీ వేశాను.
పక్కన ఏం రాయాలో తోచక
తెలుగులో "బల్లి" అని రాశాను.

మరలన్నీ బిగించాక ఒకటి మిగిలింది.
ఎక్కడిదో రూబెన్‌కీ అంతు పట్టలేదు.
ఇడ్లీ ప్లేటులో, అంచు గుంటలో,
ఇంకా అలాగే ఉంది.