కేక రాలేదు

తెలావిలో ఈ రొట్టెల దుకాణంలో చేరి
నేటికి పంతొమ్మిది రోజులు.
ఇంకా ఎవరూ నన్ను తిట్టలేదు.
నాకు నిద్ర పట్టడం లేదు.

త్బిలిసీలో ఆ హోటల్ వంటింట్లో
పదకొండేళ్లు.
గరిటె నేల మీద పడిన చప్పుడును బట్టి
ఇవాళ ఎవరి వంతో చెప్పేదాన్ని.
బద్రి అడుగులు మెట్ల మీద వినిపిస్తే
మూడో మెట్టు దగ్గరే తెలిసిపోయేది
ఆ పూట ఉప్పు ఎక్కువైందో, మనిషి తక్కువయ్యాడో.
దాన్నే పనితనం అనుకున్నాను.
వేపపురుగును అడిగి చూడండి,
చేదంటే ఏమిటని ఎదురడుగుతుంది.

ఇక్కడ గురామ్ తాత
నూతిలాంటి మట్టి పొయ్యిలోకి నడుందాకా వంగి
పడవల్లాంటి రొట్టెల్ని లోగోడకు చరుస్తాడు.
లేచి, కనుబొమల మీది పిండి దులుపుకుని
"తిన్నావా, లమ్జీరా?" అంటాడు.
ఆ ఒక్క మాటలో
ఉచ్చు ఎక్కడుందో వెతుకుతాను.

మొన్న పిండి తొట్టి చేజారింది.
నేలంతా తెల్లటి బురద.
కళ్లు మూసుకుని, భుజాలు చెవులదాకా లాక్కుని
నిలబడ్డాను.
నిలబడే ఉన్నాను.
కేక రాలేదు.
కళ్లు తెరిస్తే
ఆయన చీపురు వెతుకుతున్నాడు.
ఆ క్షణాన ఆయన మీద వచ్చినంత కోపం
బద్రి మీద ఎన్నడూ రాలేదు.

అందుకే, చెబితే సిగ్గు,
మర్నాడు కావాలనే ఒక వాయి మాడ్చాను.
బొగ్గు చేశాను,
ఇప్పుడైనా అసలు మనిషి బయటికొస్తాడని.
ఆయన ఒకటి విరిచి, నల్లటి పెచ్చు గీకి,
లోపలి మెత్తన జున్నుముక్కతో నములుతూ
"పళ్లకు పరీక్ష పెట్టావే" అన్నాడు.
మిగతావి పక్కింటి పందికి.
పంది కూడా ఏమీ అనలేదు.

నిన్న మాత్రం
బడికి ముందు పనికొచ్చే కుర్రాడు, వాజికో,
పిండిలో ఉప్పు మరిచాడు.
నా నోట్లోంచి ఒక గొంతు లేచింది.
చేతిలో గరిటె లేదు గానీ
చెయ్యి గరిటె పట్టినట్టే ఉంది.
వాడి భుజాలు చెవులదాకా వెళ్లాయి.
ఆ కొలత నాకు తెలుసు.

తెచ్చుకున్న సామానంతా
ఒక్క పెట్టెలో పట్టిందనుకున్నాను.
ఆ మెట్లు కూడా వచ్చాయి నాతో.

రాత్రి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను.
ద్రాక్షపందిరి అవతల, దూరంగా, కొండల మీద మంచు.
గడ్డకట్టిన వేళ్లను గోరువెచ్చటి నీళ్లలో ముంచితే
ముందు తెలిసేది మంటేనని
చిన్నప్పుడెప్పుడో మా అమ్మమ్మ చెప్పింది.
ఎంతసేపు ముంచి ఉంచాలో
చెప్పిందో లేదో గుర్తు లేదు.

ఇవాళ తెల్లారకముందే వెళ్లి
వాజికో పక్కన నిలబడి
చారెడు ఉప్పు కొలిచి చూపించాను.
వాడు నా చెయ్యి చూడటం లేదు,
ముఖం చూస్తున్నాడు,
మెట్లమీద అడుగులు వింటున్నట్టు.

"తిన్నావా?" అని అడిగాను.
జవాబు చెప్పేముందు
వాడు చాలాసేపు వెతికాడు.