మడిచిన చీటీ

కావలి స్టేషనెదురు లాడ్జీలో
గదిలోకి పోతానే లైటెయ్యను నేను.
చీకట్లో సెల్లు కెమెరా తెరిచి
ఏసీ కంత, టీవీ కింది పెట్టె, స్నానాలగది అద్దం
వెతుక్కుంటా పోతా.
ఎర్రచుక్క కనబడిందా, డబ్బులు కూడా అడక్కుండా మెట్లు దిగడమే.
ఒంగోల్లో కస్తూరికి అట్నే అయింది.
ఆ పిల్లిప్పుడు యాడుందో దాని చెల్లెలికే తెలవదు.

ఆయన మంచం అంచున కూచోని
నా సంచీ వంకే చూస్తా ఉంటాడు.
సెల్లు స్విచ్చాపు చేసి బూటులో దోపి
బూటు మంచం కిందికి తోస్తాడు.
ఎవతో ఒకామె కారు నంబరు రాసుకోని
ఏకంగా ఇంటికే ఫోను జేసిందంట, ఆయన స్నేహితుడికి.
ఆ కత రెండుసార్లు చెప్పాడు.
రెండోసారికి తెలిసింది,
ఆ స్నేహితుడు ఈయనేనని.

పేరు మోహన్ అన్నాడు.
చొక్కాకి రొయ్యమేత వాసన.
కరెంటు పోతే నిద్రలోనే లేచి కూచుంటాడు,
గుంటలో ఏరియేటర్లు ఆగినాయని.
అల్లూరు పక్క మనిషి. పేరు మాత్రం మోహన్ కాదు.
లావణ్య అన్నాను నేను.
ఆయనా నమ్మలా. చెల్లుకు చెల్లు.

తుఫాను రోజు రైలందుకోవాలని ఉరికి
మందుల కవరు గదిలో మరిచిపోయినా.
అందులో నెల్లూరు పెద్దాసుపత్రి చీటీ.
మా నాయన పెట్టిన పేరు, వయసు, డోరు నంబరు,
కొడవలూరు మండలం,
కింద అమ్మ ఫోను నంబరు.
బిట్రగుంటలో గుర్తొచ్చింది.
తలుపు కాడ కమ్మీ పట్టుకోని అట్నే నిలబడిపోయినా.

పన్నెండు రోజులు
అమ్మ ఫోను మోగితే నేనే ముందు ఎత్తినా.
గ్యాసోళ్ళు. లోను కావాలా అని ఒకమ్మాయి.
పెంచలకోన పోదామని పెద్దమ్మ.
ఆయన గొంతు రాలా.

పదమూడో రోజు వచ్చి కవరు చేతికిచ్చాడు.
మాత్రలు లెక్కకి సరిపోయినాయి.
చీటీని నాలుగు మడతలేసి
పేరు లోపలికి పోయేట్టు పిన్ను కొట్టి ఉండాది.
"వేళకి ఏసుకుంటా ఉండావా లావణ్యా" అన్నాడు.

లావణ్యా అనే అన్నాడు.

చూడకుండా మడవడం ఎట్టా కుదురుద్ది?
చూసి ఫోటో కొట్టుకోలేదని ఎవరు చెప్పాలి?
అడగలా నేను.
ఆయన బూటులో సెల్లు దోపుకుంటా ఉంటే
ఆ పూట ఎందుకో గోడ వైపు తిరిగినా.

ఆ పిన్ను ఇంకా పీకలా.
ట్రంకుపెట్టెలో చీరల కింద అట్నే ఉండాది.
ఆసుపత్రిలో లైన్లో నిలబడి
కొత్త చీటీ రాయించుకున్నా.
దాంట్లో అమ్మ నంబరు ఇయ్యలా.