అడ్డం తిరిగిన కోరపన్ను

మా దీవి నుంచి కాస్త్రో ఆసుపత్రికి
ఒక ఫెర్రీ, రెండు బస్సులు,
దారి పొడుగునా చిలోయే వాన.
ఔరిస్తెలాకి పదమూడేళ్ళు.
ఎడమవైపు పాలకోర ఇంకా ఊడలేదు.
"ఊడనంటే ఊడనంటోంది తాతా" అంటూ
నాలుకతో దాన్ని తోసుకుంటూ
బస్సు కిటికీ ఆవిరి మీద పడవ బొమ్మ గీసింది.
తెరచాప మరిచిపోయింది.

డాక్టర్ హిమేనా ఎక్స్‌రేని వెలుతురుకెత్తింది.
నేను పడవలు కట్టేవాణ్ణి.
చెక్కలో ముడి ఎక్కడుందో
కళ్ళు మూసుకుని తడిమి చెబుతాను.
ఆ నల్లటి రేకులో మాత్రం ముందు ఏమీ కనబడలేదు.
తర్వాత కనబడింది:
అంగిట్లో, ఎముక లోపల,
బోర్లించిన పడవ కింద నిద్రపోయిన తాగుబోతులా
అడ్డంగా ఒక పన్ను.

ఎందుకిలా అని అడిగాను.
కోరపన్ను చాలా దూరం నుంచి రావాలట.
ముక్కు పక్కన, పైనెక్కడో మొదలై
పక్కపన్ను వేరుని గోడలా తడుముకుంటూ దిగుతుందట.
ఈ పిల్లకి ఆ పక్కపన్ను చీలంత సన్నం.
చీకట్లో గోడ అందక
పక్కదారి పట్టిందేమో అంది.
'ఏమో' అని రెండుసార్లు అంది.
ఆ మాటతో ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

"పాలపళ్ళు ముందే పీకించారా?"
నేను నేల చూశాను.
ఐదేళ్ళప్పుడు, పుచ్చిన దవడపన్ను పట్టుకుని
రాత్రంతా ఏడిస్తే
తెల్లారి నేనే, పటకారుతో.
"దీనికి అది కారణం కాకపోవచ్చు,
కానీ వెనకది ముందుకొరిగింది, చోటు ఇరుకైంది."
మా ఇంటి గోడకి చెక్కపెంకులు.
ఒకటి రాలితే పక్కది కదలదు, మేకులుంటాయి.
నోట్లో మేకులుండవని
నాకెవరు చెప్పారు?

పదేళ్ళప్పుడే తెచ్చుంటే
పాలకోర తీసేసి చూసేవాళ్ళమంది.
దారి వదిలితే చాలాసార్లు అదే దిగుతుందట.
"ఇప్పుడు వదిలేస్తే?"
"ముందుపన్ను వేరుని తినేస్తుంది.
ఇప్పటికే కాస్త కొరికింది."

చోటు చేయడానికి మొదట తీగలు కట్టారు.
పాలకోర తీశారు. ఔరిస్తెలా దాన్ని జేబులో వేసుకుంది.
చిగురు కోసి, ఎముక కొంచెం గీకి,
పన్ను తలమీద బొత్తామంత కూడా లేని బిళ్ళ అంటించి
దానికో బంగారు గొలుసు.
చీమ మెడకి సరిపోయేంత గొలుసు.

"గట్టిగా లాగితే తొందరగా రాదా?" అంది పిల్ల.
డాక్టరుకంటే ముందు నేనే నవ్వాను.
పలకని ఆవిరిపెట్టెలో ఉడికించి,
వేడి చల్లారకముందే వంకకి ఆనించి,
బిగింపు మర ఒక్క పురి, ఆగడం, ఇంకో పురి.
కంగారుపడ్డవాడి పడవ
మొదటి పోటుకే నోరు తెరుస్తుంది.
ఎముక కూడా అంతేనంది హిమేనా.
ముందు కరగాలి, వెనక పూడాలి.
తొందరపెడితే వేరే కరిగిపోతుంది.
నెలకి ఒక మిల్లీమీటరు.
నెలకి ఒక ఫెర్రీ, రెండు బస్సులు.

ఒకసారి తిరిగొస్తుంటే
ఇది వంశంలోనూ ఉంటుందన్న మాట గుర్తొచ్చింది.
నా భార్య ఎర్మెలిందా
నలభై ఏళ్ళు నవ్వినప్పుడల్లా చేయి అడ్డం పెట్టుకుంది.
ఎడమవైపు, అరిగిపోయిన చిన్న పన్ను.
సిగ్గనుకున్నాను. ముద్దుగా ఉందనుకున్నాను.
అది పాలపన్నని,
పైన ఇంకొకటి పడుకునుందని
ఆమెకీ తెలియదు.
తెరవని ఉత్తరంలా
దాన్ని తీసుకునే మట్టిలోకి వెళ్ళింది.

పద్నాలుగో నెల
అంగిట్లో తెల్లగా బియ్యపు గింజంత.
చూపించమంటే
ఫెర్రీలో అందరి ముందూ
పెద్దగా నోరు తెరిచింది ఔరిస్తెలా.
ఇంకా చాలా దూరం రావాలి.
రాత్రికి బంగాళాదుంపలు మెత్తగా చిదిమి పెట్టమంది,
తీగలు నొప్పట.
ఉప్పు ఎక్కువైందని సగం వదిలేసింది.