సలుపు

రాత్రి రెండున్నర. సొహార్.
కిటికీ అవతల రేవు దీపాలు,
ఇవతల పంపు బీప్.

ఏడో మంచం. కుడి ముంజేయి. గులాబి రంగు కాన్యులా.
చార్టులో
ఆదివారం పగలు సున్నా
ఆదివారం రాత్రి సున్నా
సోమవారం పగలు సున్నా.
ఎరుపు లేదు, వాపు లేదు, నొప్పి లేదు.
రెండు సున్నాలు మారిసెల్ చేతివి,
ఆమె గుండ్రంగా రాస్తుంది.

టార్చి వేశాను.
ప్లాస్టర్ మీద తేదీ చెమటకు అలుక్కుపోయింది,
ఐదో, ఆరో, ఎనిమిదో.
అంచు దాటి నరం వెంట
సన్నటి ఎర్ర దారం.

"పెయిన్?" అన్నాను, అందరూ అడిగినట్టే.
తల ఊపాడు.
అవునో కాదో ఏ భాషలోనూ తేలని ఊపు.
పరంజా మీంచి పడి
మళ్ళీ పరంజా ఎక్కాల్సిన మనిషి
అలాగే ఊపుతాడు.

మంచం చివర పేరు చూశాను. లింబాద్రి.
వంగి అడిగాను:
"మంటా? పోటా? సలుపా?"

కళ్ళు తెరిచాడు.
"సలుపుతాంది అక్కా. మొన్న పొద్దుగాలసంది.
మందు ఎక్కేటప్పుడు మంట,
ఎక్కినంక గుంజుడు."
"మరి చెప్పలేదేం?"
"అడిగితె గద చెప్పేది."

అడిగారు లింబాద్రీ, మూడుసార్లు అడిగారు.
కాగితం సాక్షి.

తీసేశాను. దూది అదిమి రెండు నిమిషాలు లెక్కపెట్టాను.
ఎడమ చేతికి కొత్తది, రెండో గుచ్చుకి దొరికింది.
అదీ రాశాను, రెండో గుచ్చుకని.
రాయనిది చేయనట్టే అని
కావలి నర్సింగ్ స్కూల్లో బల్ల చరిచి చెప్పారు.
చేయనిది రాస్తే ఏమవుతుందో
ఆ పాఠం సిలబస్‌లో లేదు.

మామూలు మార్పు అని రాస్తే సరిపోను.
చేయి అదే, సూది అదే, ఎవరికీ మెమో రాదు.
మొన్న కొడుకు పుట్టినరోజు కేకు
టిష్యూలో చుట్టి నా లాకర్‌లో పెట్టింది మారిసెల్.

స్కోరు: రెండు.
నరం వెంట ఎరుపు, రెండు సెంటీమీటర్లు.
నొప్పి ఉంది.
రెండు నలభై. సువార్త.

సలుపుకి గడి లేదు.
'ఇతర' అన్నచోట ఇంగ్లీషుని ఎంత తిప్పినా
కొట్టుకోవడం వచ్చింది గానీ
రాత్రంతా ఆ చేతిని
ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడం రాలేదు.

పొద్దున మారిసెల్ చార్టు చదివింది.
పెన్నుకి మూత పెట్టింది.
నాకేసి చూడలేదు. లిఫ్టులో కూడా.

బుధవారం హ్యాండోవర్ అయ్యాక
బ్యాగు భుజాన వేసుకుంటుంటే వచ్చింది.
"ఆయన్ని ఏమడిగావు? ఆ మాట."
"సలుపు."
"సలూపో."
"దాదాపు."

ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాసుకుంది,
తన అక్షరాల్లో, కింద గీత గీసి.
ఏడో మంచం దగ్గరికి వెళ్ళేలోపు
చేతులు కడుక్కోవాలి కదా,
సగం పోతుంది.