ఎడమ చెవి

వడపళని సిగ్నల్ దాటాక, పూలకొట్టు పక్కన
నాలుగు మెట్లు దిగితే కళ్ళద్దాల షాపు.
బయట నవంబరు వాన.
తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటుంటే
నేనూ, కాడ విరిగిన నా కళ్ళజోడూ దిగాం.
విరిగినచోట జడపిన్ను గుచ్చి నాలుగు రోజులు నెట్టుకొచ్చాను.
సినిమాలకి జడలు వేసేదాన్ని,
నా దగ్గర అంతకన్నా ఏముంటుంది.

గోడమీద బొమ్మ. ఐదు ముఖాలు, కింద ఐదు ఫ్రేములు.
కోల, గుండ్రం, పలక,
మా కోటమ్మక్క తమలపాకు అనేది ఒకటి,
గాలిపటం అనేది ఇంకొకటి.
ఆ పాఠం నాకు కొత్త కాదు.
గుండ్రటి ముఖానికి నడినెత్తిన ఎత్తు కట్టాలి,
కోలముఖానికి చెవుల దగ్గర వెడల్పు ఇవ్వాలి,
దవడ పలకగా ఉంటే రెండు పాయలు ముందుకి జార్చాలి.
లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు.
అక్క నేర్పింది ఇంతే,
నోట్లో పిన్నులు పట్టుకుని, సగం మాటలు మింగేస్తూ.

"మీది గుండ్రం అక్కా, పలక ఫ్రేమ్ వేస్తే సన్నబడుతుంది."
జేబుమీద ఇళంగో అని కుట్టి ఉంది.
కుర్రాడు తమిళంలో అన్నాడు, నాకు తెలుగులో వినపడింది:
పెళ్ళిచూపుల నాడు మా పెద్దాడబిడ్డ
"పిల్ల ముఖం పూరీలా ఉందే" అన్న మాటే,
కాస్త మర్యాదగా.

చిక్కేమిటంటే
కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి.
తీస్తే అద్దంలో ఎవరూ ఉండరు.
గోధుమరంగు మసక, దానిమీద ఎర్రటి చుక్క.
చుక్కని బట్టి అది నేనని నమ్మాలి.

నల్లది పెట్టాడు. మసకలో రెండు కిటికీలు.
తాబేటి డిప్ప రంగుది పెట్టాడు. తుప్పు పట్టిన కిటికీలు.
అంచుల్లేనిది పెట్టాడట,
నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను.
"ఎలా ఉందక్కా?"
"నువ్వే చెప్పాలి నాయనా."
ఎంతమంది నా ముందు ఇలాగే కూర్చున్నారు,
కళ్ళు మూసుకుని, తల నా చేతుల్లో వదిలేసి,
ఎలా ఉన్నానక్కా అని.
బాగున్నావమ్మా అనేసేదాన్ని,
అవతల షాట్ రెడీ అని కేకలు.

ఫోన్లో ఫొటోలు తీశాడు.
పిన్ను గుచ్చిన జోడు పెట్టుకుని చూశాను.
పదకొండుమంది ఆడవాళ్ళు.
ఒకావిడ బ్యాంకులో సంతకం సరిపోలేదంటుంది.
ఒకావిడకి నేనేదో బాకీ ఉన్నాను.
అందరికీ జోడు ఎడమకి వాలి ఉంది.

"ఫ్రేములన్నీ వంకరే" అన్నాను, బేరానికి పనికొస్తుందని.
ఇళంగో నవ్వలేదు.
ఒక కన్ను మూసి,
వడ్రంగి చెక్కని చూసినట్టు నన్ను చూశాడు.
"ఫ్రేమ్ సరిగ్గానే ఉందక్కా.
మీ ఎడమ చెవే కొంచెం కింద."

ఎంత?
బియ్యపుగింజ మందం.

యాభై మూడేళ్ళు.
ఎన్ని వందల చెవుల వెనక జుట్టు దోపాను,
ఎవరివి చాటలో, ఎవరి తమ్మె సాగిందో
ఇప్పటికీ చెప్పగలను.
నా దిద్దుల్లో ఒకటి ఎప్పుడూ కిందకి వేలాడితే
పెళ్ళైనప్పట్నుంచీ కంసాలిని తిట్టుకున్నాను.
పాపం, కంసాలి.

మళ్ళీ గోడకేసి చూశాను.
ఆ ఐదు ముఖాల్లో ఒక్కదానికీ చెవులు గీయలేదు.

చివరికి గుండ్రటిదే తీసుకున్నాను.
గుండ్రానికి గుండ్రం కూడదని బొమ్మ చెబుతూనే ఉంది.
ముక్కుమీద నొక్కలేదు, పదిహేడు వందలు.
ఇళంగో కాడని వేడి ఇసుకలో ముంచి, వేళ్ళతో వంచి,
నా చెవి వెనక ఆనించి, తీసి, మళ్ళీ ముంచాడు.
మూడోసారికి
వెచ్చగా వచ్చి కూర్చుంది.

పళ్ళమధ్య చిన్న స్క్రూ పట్టుకుని ఏదో అన్నాడు,
సగం మాటలు మింగేస్తూ.
తల కదపొద్దనేమో.
కదపలేదు.