ఎర్రర్ లేని గురువారం

ఔలు ఊళ్ళో ఈ ఉదయం మైనస్ ఇరవై ఆరు.
బస్టాపులో ఫోన్ తీస్తే నలభై రెండు శాతం అంది,
బస్సు ఎక్కడుందో చూసేలోపే కళ్ళు తేలేసింది.
చావలేదని తెలుసు. చంకలో పెట్టుకున్నాను,
కోడిపిల్లని పెట్టుకున్నట్టు.
మూడు స్టాపులు దాటాక లేచి
ముప్పై ఒకటి అంది, సిగ్గు లేకుండా.
తక్కిన పదకొండూ ఏం చేశావని అడగలేదు.

పక్క సీటాయన చేతి తొడుగు తియ్యకుండా
ముక్కుతో కాల్ ఎత్తాడు.
ఎవరూ నవ్వలేదు.
ఇక్కడ అందరికీ అదే పదకొండో వేలు.

నా పని తప్పులు వెతకడం.
ఇతరులు రాసిన కోడులో,
అంతకంటే ఎక్కువగా, నేనే రాసి మరిచిపోయిన కోడులో.
"ఇలా ఎప్పటికీ జరగదు" అని
రెండేళ్ళ కిందట నేనే పెట్టిన కామెంటు కింద
సోమవారం అలా పదిహేడుసార్లు జరిగింది.

ఇంటికొస్తే వైఫై.
ప్రతి గురువారం రాత్రి ఏడూ నాలుక్కి
రౌటర్ ఒక్కసారి సొమ్మసిల్లి లేస్తుంది.
మీటింగులో నా మొహం సగం తెరిచిన నోటితో
అలాగే నిలబడిపోతుంది.
కేబుల్ మార్చాను. ఛానెల్ మార్చాను.
రౌటర్ని అల్మారా మీంచి కిటికీలోకి, కిటికీలోంచి అల్మారా మీదికి.
కంపెనీకి ఫోన్ చేస్తే ఓ కుర్రాడు
"ఆపి మళ్ళీ ఆన్ చేశారా?" అన్నాడు.
రోజుకి పదిమందిని నేనడిగే మాటే.
నన్నడిగితే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది.

చివరికి ఆరు లైన్ల స్క్రిప్టు రాశాను.
నిమిషానికోసారి రౌటర్ని పలకరించడం,
పలికిందో లేదో రాసి పెట్టుకోవడం.
ఐదు గురువారాలు.
ఏడూ నాలుగు. ఏడూ నాలుగు. ఏడూ ఐదు.
ఏడూ నాలుగు. ఏడూ నాలుగు.
యంత్రానికి వారాలు పట్టవు.
ఇదెవరో మనిషి.

మనిషి కింది అంతస్తులోనే ఉన్నాడు, ఓస్మో.
రేవులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపినవాడు.
గురువారం ఎనిమిదింటికి సెల్లార్ సౌనాలో అతని వంతు.
ఏడు కొట్టగానే తలుపు వేసుకుని బయల్దేరతాడు,
రాళ్ళు కాగాలి కదా.
ఆ పాత పొయ్యి స్విచ్ వేస్తే
మెట్ల మీది దీపం ఓసారి బెదురుతుంది.
నా రౌటర్ అడాప్టర్ ముసలిది, ఆ పాటి బెదురుకే పడిపోతుంది.
మరి ఆ నాలుగు నిమిషాలు?
రెండంతస్తులు దిగడానికి
అతని ఎడమ మోకాలు అడిగే గడువు.

సంగతి చెబితే కాసేపు ఆలోచించాడు.
"అంటే నేను స్నానం చేస్తే మీ ఆఫీసు ఆగుతుందా?"
"ఒక్క నిమిషం."
"బాగుంది," అన్నాడు.
ఆ వారమంతా అతను అంత పొడుగ్గా మాట్లాడింది అదే.

పదకొండు యూరోలు పెట్టి కొత్త అడాప్టర్ తెప్పించాను.
వచ్చింది. సొరుగులో పెట్టాను.
రేపు మారుద్దాం అనుకున్నాను, చాలా రేపులు.

జనవరిలో ఒక గురువారం
లాగ్ నిండా పచ్చదనం.
ఏడూ నాలుగు, పలికింది. ఏడూ ఐదు, పలికింది.
ఏడుంబావుకీ పలుకుతూనే ఉంది.
"ఇవాళ నీ లైను అద్దంలా ఉంది," అంది తంపెరె నుంచి రీట్వా.
ఆమె మాట పూర్తికాకుండానే
మేజోళ్ళతోనే మెట్లు దిగాను, రెండేసి చొప్పున.
ఎర్రర్ రాలేదని పరుగెత్తిన డెవలపర్ని
నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు.

తలుపు తీశాడు. భుజాన తువ్వాలు,
చేతిలో కాలి నల్లబడ్డ కాయిల్.
"పొయ్యి పోయింది. నువ్వు కంప్యూటర్లు చూస్తావుగా,
ఇది చూడు."
ఊపిరి అందక, ఇంకేం తోచక,
"ఆపి మళ్ళీ వేశావా?" అన్నాను.
ఓస్మో నన్ను చాలాసేపు చూశాడు.

మంగళవారం ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్ళాడు.
గురువారం మీటింగులో నా నోరు మళ్ళీ సగంలో ఆగింది.
తిరిగొచ్చాక మొట్టమొదట లాగ్ తెరిచాను.
ఏడూ ఏడు.
ఆ మోకాలు ఎవరికైనా చూపించుకోమని చెప్పాలి.